మగ్గం సూలూరులో.. బేరం సముద్రాల అవతల

గుడ్డ నేసే ఇళ్ల ముందు అంతర్జాతీయ వ్యాపార పీజీ
కలంగల్ దొరస్వామి నడిచిన దారిలో కొంగునాడు తెలుగోళ్లు

సూలూరు: సూలూరు అనగానే మన వైపు వాళ్లకు ఠక్కున సూళ్లూరుపేట గుర్తుకొస్తుంది. అది వేరు, ఇది వేరు. కోయంబత్తూరు నుంచి తిరుచ్చి రోడ్డు పట్టుకుని తూర్పుగా ఓ ఇరవై కిలోమీటర్లు పోతే తగిలే ఊరిది. అక్కడ రాకెట్ల మోత అయితే, ఇక్కడ యుద్ధ విమానాల మోత. ఊరిని ఆనుకునే వైమానిక దళ స్థావరం. దేశంలోనే తయారైన తేజస్ విమానాల దళం 2018లో వచ్చి దిగింది ఇక్కడే. 2024 ఆగస్టులో జర్మనీ, ఫ్రాన్స్, స్పెయిన్, బ్రిటన్ వాయుసేనలు ‘తరంగ్ శక్తి’ విన్యాసాలకు వచ్చిందీ ఇక్కడికే.

ఆ మోత కాస్త సద్దుమణిగితే ఇంకో చప్పుడు చెవిన పడుతుంది. టకటక.. టకటక. మరమగ్గాలది. సూలూరు, కన్నంపాళయం, కరుమత్తంపట్టి, సోమనూరు.. ఏ దిక్కుకు పోయినా రేకుల షెడ్లు, వాటిలో మగ్గాలు. ఆ షెడ్ల వెనకాల ఇళ్లలో చాలాచోట్ల వినిపించేది తెలుగే. కమ్మ నాయుళ్లు, బలిజలు, దేవాంగులు, అరుంధతీయులు.. నాయక రాజుల నాటి నుంచి, కొందరు అంతకు ముందు నుంచి ఇక్కడ స్థిరపడిన వాళ్లు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కాలేజీలో ఇంగ్లిషు. మూడింటినీ ఒకే వాక్యంలో కలిపి మాట్లాడటం వీళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య. తెలుగు రాయడం, చదవడం మాత్రం ఎక్కువ మందికి రాదు.

ఈ ఇళ్లలో డిగ్రీ పూర్తి చేసిన పిల్లల ముందు ఇప్పుడో ప్రశ్న. మగ్గాల షెడ్డు చూసుకోవాలా? బెంగళూరుకు పోయి కంప్యూటరు ముందు కూర్చోవాలా? ఇవి రెండూ కాక మూడో దారి ఒకటుంది. ఇంకో రెండేళ్లు చదివి ‘అంతర్జాతీయ వ్యాపారం’లో పీజీ పట్టా తెచ్చుకోవడం. కోయంబత్తూరు కాలేజీల్లో దాన్ని ఎంఐబీ అంటారు. ఇంట్లో నేసిన గుడ్డను దళారీ చేతుల్లో పెట్టకుండా, నేరుగా ఓడ ఎక్కించే విద్య అది. ఎక్కించగలరా, లేదా అన్నదే అసలు సంగతి.

రోమ్ రూకలు.. నొయ్యల్ ఒడ్డు

విదేశీ వ్యాపారం ఈ గడ్డకు కొత్తేం కాదు. సూలూరు చెరువులకు నీళ్లిచ్చే నొయ్యల్ నది ఒడ్డునే, కోయంబత్తూరు శివారు వెళ్లలూరులో 1842లో రోమన్ వెండి నాణేల కుండ బయటపడింది. అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల ముఖాలున్న రూకలవి. అదే నది దిగువన ఈరోడు జిల్లా కొడుమనల్‌లో రంగురాళ్లను అరగదీసి పూసలు చేసిన కార్ఖానాల ఆనవాళ్లు తవ్వకాల్లో దొరికాయి. పడమటి కనుమలకు పాలక్కాడు దగ్గరొక సందుంది. ఆ సందు గుండానే పడమటి తీరపు రేవుల సరకు ఇటు, ఇక్కడి సరకు అటు నడిచింది.

రెండు వేల ఏళ్ల తర్వాత కూడా దారి అదే. సూలూరు పక్కనే ఉన్న ఇరుగూరులో కంటెయినర్ డిపో ఉంది. కస్టమ్స్ తనిఖీ అయ్యాక సీలు వేసిన పెట్టెలు అటు పాలక్కాడు సందులోంచి కొచ్చి రేవుకు, ఇటు దక్షిణంగా తూత్తుకుడి రేవుకు పోతాయి. రూక మారింది, బండి మారింది, అంతే.

నాయకుల కాలానికొస్తే, 1529లో మదురైలో విశ్వనాథ నాయకుడు పాలన మొదలుపెట్టాడు. పాళయాల ఏర్పాటు జరిగింది. పాపనాయకన్‌పాళయం, పెరియనాయకన్‌పాళయం.. కోయంబత్తూరు చుట్టూ ఇలాంటి పేర్లు కోకొల్లలు. వచ్చిన తెలుగోళ్లు నల్లరేగడి చూసి పత్తి వేశారు. పత్తి ఉంది కాబట్టి గింజ తీసే జిన్నింగు పెట్టారు. ఆపైన నూలు మిల్లు. 1888లో రాబర్ట్ స్టేన్స్ మొదటి మిల్లు పెడితే, 1910లో జి.కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్స్‌కు పునాది వేశారు. 1930ల మొదట్లో పైకారా జలవిద్యుత్తు రావడంతో మిల్లులు వానాకాలపు పుట్టగొడుగుల్లా లేచాయి. మిల్లుకు యంత్రం కావాలి, యంత్రానికి మోటారు కావాలి, చేనుకు పంపు కావాలి. ఒకదాని వెంట ఒకటి పుట్టుకొచ్చాయి.

మూడో తరగతి దాటని ఎగుమతిదారు!

సూలూరు తాలూకాలోనే కలంగల్ అనే పల్లె ఉంది. 1893 మార్చి 23న అక్కడొక రైతు ఇంట్లో గోపాలస్వామి దొరస్వామి నాయుడు పుట్టారు. జీడీ నాయుడు అంటే తెలియని వాళ్లు ఈ జిల్లాలో ఉండరు. బడంటే ఆయనకు చేదు. పంతులు మీద ఇసక చల్లి పారిపోయాడని ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. పెద్దయ్యాక ఓ దొర నడుపుతున్న మోటారు సైకిలు చూసి మనసు పారేసుకున్నారు. దాన్ని కొనడానికి కోయంబత్తూరు హోటల్లో పనికి చేరి, పైసా పైసా కూడబెట్టారు. కొన్నాక తొక్కుకుంటూ తిరగలేదు. విప్పి పారేసి, ఏ ముక్క ఎందుకుందో చూసి, మళ్లీ బిగించారు. అదే ఆయన ఇంజినీరింగు కాలేజీ.

వ్యాపారంలో మొదటి పాఠం మాత్రం కాస్త గట్టిగానే పడింది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో తిరుప్పూరులో పత్తి వ్యాపారంతో బాగానే గడించి, ఆ డబ్బుతో బొంబాయి పత్తి బజారుకు పోయి పోగొట్టుకుని వచ్చారని చెబుతారు. ధర ఎక్కడో నిర్ణయమైతే నష్టం ఎక్కడో పడుతుంది. ఈనాటి ఎంఐబీ పుస్తకంలో దీనికి పెద్ద పేరుంది, ఒక పేపరంతా దాని మీదే. నాయుడు మాత్రం రొక్కం కట్టి నేర్చుకున్నారు.

1920లో ఒకే ఒక్క బస్సు. పొల్లాచ్చి - పళని మధ్య తానే నడిపారు. అదే యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది. తర్వాత ఐరోపా ప్రయాణాలు. జర్మనీ ఆయన్ను బాగా ఆకట్టుకుంది. డ్రై సెల్స్‌తో నడిచే బుల్లి మోటారుతో గడ్డం గీసుకునే ‘రాజంట్’ రేజర్ ఆయన ఆలోచనే. దాని మోటారు తయారైంది జర్మనీలోని హైల్‌బ్రాన్ పట్టణంలో. ఆలోచన కలంగల్ రైతుబిడ్డది, పనితనం జర్మనీది! ఇప్పుడు పెద్ద పెద్ద కంపెనీలు గొప్పగా చెప్పుకునే పద్ధతి ఇదే కదా.

1937లో పీలమేడులో డి.బాలసుందరం నాయుడుతో కలిసి ఎలక్ట్రిక్ మోటారు తయారు చేయించారు. దేశంలో తయారైన మొదటి మోటారు అదేనని కోయంబత్తూరు గర్వంగా చెప్పుకుంటుంది. ఈనాటికీ మన చేలలో తిరిగే పంపుసెట్లకు ఈ ఊరు పుట్టినిల్లు కావడానికి అదే మొదలు. 1945లో సాంకేతిక విద్యాసంస్థలకు అండగా నిలిచారు. తర్వాత ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా మారినది వాటిలో ఒకటి. ఒక పని నేర్వడానికి అన్నేళ్లు అక్కర్లేదని ఆయన వాదన. 1952లో రెండు వేల రూపాయల చిన్న కారు చేసి చూపించినా, లైసెన్సు రాక అది ఆగిపోయింది. 1974 జనవరి 4న కన్నుమూశారు. కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీద పది కిలోమీటర్ల పైవంతెనను 2025 అక్టోబరు 9న ప్రారంభించి, ఆయన పేరే పెట్టారు.

చదువు మానేసిన మనిషి పేరు చెప్పి పీజీ చదవమంటారేంటని ఎవరికైనా అనిపిస్తుంది. నిజమే. కానీ నాయుడు బడి మానేశారే గానీ చదవడం మానలేదు. పైగా ఆ రోజుల్లో కాగితాలు తక్కువ. ఇప్పుడొక పెట్టె సరకు దేశం దాటాలంటే ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, షిప్పింగ్ బిల్లు, బిల్ ఆఫ్ లేడింగ్, సరకు పుట్టిన దేశం ధ్రువపత్రం.. మగ్గం మీద పడుగు పోగుల్లా ఒకదాని పక్కన ఒకటి. ఒక్క పోగు తెగినా గుడ్డ ఆగుతుంది.

గుడ్డ తెలుసు.. గమ్యం తెలియదు

సూలూరు మగ్గాల సంగతి మన నగరి, పుత్తూరు నేతగాళ్లకు వివరించి చెప్పక్కర్లేదు. అక్కడా ఇంతే. వ్యాపారి నూలు, పడుగు బీము ఇస్తాడు. ఇంటోళ్లు నేసి ఇస్తారు. మీటరుకు ఇన్ని పైసలని కూలి. దాన్ని ఇక్కడ జాబ్‌వర్క్ అంటారు. గుడ్డ ఎవరిది? వ్యాపారిది. ఎక్కడికి పోతుంది? అడిగేవాడు లేడు. రంగు పడి, కుట్టుపడి, ఏ దేశపు దుకాణంలో వేలాడుతుందో నేసిన చేతికి తెలియదు.

కరెంటు ఛార్జీ పెరిగినా, విడిభాగాల ధర పెరిగినా కూలి మాత్రం కదలదు. ఒప్పందాలు రాసుకోవడం, అవి అమలు కాకపోవడం, మగ్గాలు ఆపేయడం.. ఇదొక చక్రం. 2022 జనవరిలో కోయంబత్తూరు, తిరుప్పూరు జిల్లాల్లో మరమగ్గాలు ఆగాయి. 2025 మార్చి 19 నుంచి మళ్లీ ఆగాయి. ఆ రోజుల్లో టకటక లేని సూలూరును చూసినవాళ్లు, అది నిశ్శబ్దంలా లేదు, చావు ఇల్లులా ఉందన్నారు.

ఇలాంటి ఇంట్లో డిగ్రీ అయిన పిల్ల ఒకతె ఉందనుకోండి. ‘ఇంకా రెండేళ్లు చదువుతాను నాయినా’ అంటే ఆ తండ్రి ముందు లెక్కేసేది ఫీజు కాదు. ఆ రెండేళ్లు షెడ్డులో లెక్కలు రాసేదెవరు, పోగు అతికేదెవరు అని. అమ్మకు పెళ్లి బెంగ. అవ్వ ఒక్కతే అడుగుతుంది.. ‘ఆ సదువు సదివితే మన గుడ్డ యా దేశానికి పోతాదో తెలుస్తాదంటనా?’ అని. కోర్సు వివరాల పుస్తకంలో ఎంత వెతికినా ఇంతకంటే మంచి ప్రశ్న దొరకదు.

రెండేళ్లలో ఏం చెబుతారు?

కోయంబత్తూరులో పీఎస్‌జీ ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాల, డాక్టర్ జి.ఆర్.దామోదరన్ సైన్స్ కళాశాల లాంటివి ఎంఐబీ నడుపుతున్న చోట్లు. రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు. ఏ డిగ్రీ చదివినా చేరొచ్చు. ఎంబీఏకు దీనికి తేడా ఏంటంటే, అక్కడ అన్నీ కొంచెం కొంచెం.. ఇక్కడ సరిహద్దు దాటే వ్యాపారమే ప్రధానం. ఎగుమతి దిగుమతి పద్ధతులు, విదేశీ మారకం, రవాణా, ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనలు, విదేశీ మార్కెటింగ్. చాలాచోట్ల ఒక విదేశీ భాష కూడా. కొన్నాళ్లు ఏదైనా ఎగుమతి సంస్థలోనో, సరకు పంపే ఏజెంటు దగ్గరో పని నేర్చుకోవాలి.

వినడానికి గంభీరంగా ఉన్నా లోపలున్నది మన సంత బేరమే. ఉదాహరణకు సరకుకు అంకె. ప్రపంచంలో ఏ సరకుకైనా మొదటి ఆరు అంకెలు అన్ని దేశాల్లో ఒకటే. మన దేశం ఇంకో రెండు కలిపి ఎనిమిది చేసింది. పంపుకు 8413. రుబ్బురోలుకు 8509. అల్లిన టీషర్టుకు 6109. ఇక గుడ్డ. నూటికి 85 పాళ్లు, ఆపైన పత్తి ఉండి, చదరపు మీటరు 200 గ్రాముల లోపు తూగితే 5208. అది దాటితే 5209. నేసేవాడికి అది చేతితో పట్టుకుంటే తెలిసే తేడా. కస్టమ్స్‌కు అది వేరే సుంకం, వేరే రాయితీ. నలభై ఏళ్లుగా గుడ్డ బరువును వేళ్లతో చెప్పగల తండ్రి, ఆ అంకె చెప్పగల కూతురు ఒకే ఇంట్లో ఉంటే ఇక కావాల్సిందేముంది!

మరొకటి.. ‘ఎవరి బాధ్యత ఎక్కడి వరకు?’ అన్న లెక్క. సరకు ఓడెక్కించే దాకానే అమ్మినవాడి పూచీ అయితే ఎఫ్‌ఓబీ. అవతలి రేవు దాకా కిరాయి, బీమా కూడా అమ్మినవాడే కడితే సీఐఎఫ్. ఇలాంటివి మొత్తం 11. పారిస్‌లోని అంతర్జాతీయ వాణిజ్య మండలి వీటిని ఖరారు చేస్తుంది. 2020 నాటి కూర్పు ఇప్పుడు వాడకంలో ఉంది. సంతలో మేక కొన్నాక తాడు ఎవరిదని గొడవ పడతామే, అదే ఇది. కాకపోతే ఇక్కడ తాడు లక్షల్లో ఉంటుంది.

డాలరు లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. పదివేల మీటర్ల గుడ్డ, మీటరు ఒక డాలరుకు ఒప్పుకున్నారనుకుందాం. మూడు నెలల తర్వాత డబ్బొచ్చేసరికి రూపాయి విలువ డాలరుకు ఒక్క రూపాయి అటు ఇటు అయితే చాలు, పదివేలు పెరుగుతాయి, లేదా తరుగుతాయి. మీటరుకు పైసల్లో మిగిలే వ్యాపారంలో అది మొత్తం లాభం కావచ్చు. ముందే బ్యాంకుతో రేటు మాట్లాడి పెట్టుకునే పద్ధతి ఉంది. అది తెలిసినవాడు హాయిగా నిద్రపోతాడు. నాయుడు బొంబాయిలో పోగొట్టుకున్న పాఠం ఇదే.

అక్షరం తప్పితే డబ్బు ఆగుతుంది

ముక్కు మొహం తెలియని దేశంలో ఉన్నవాడిని నమ్మి సరకు పంపేదెలా? అందుకు పుట్టిందే లెటర్ ఆఫ్ క్రెడిట్. కొనేవాడి బ్యాంకు పూచీ పడుతుంది.. ‘నువ్వు అడిగిన కాగితాలన్నీ సరిగ్గా చూపిస్తే డబ్బు నేనిస్తా’ అని. బ్యాంకు గుడ్డను చూడదు. కాగితాన్నే చూస్తుంది. 2007 జులై 1 నుంచి అమల్లో ఉన్న యూసీపీ 600 నియమాల ప్రకారం కాగితాలు అందాక సరిచూసేందుకు బ్యాంకుకు ఐదు పనిదినాల గడువుంటుంది. ఎల్‌సీలో వేరే గడువు లేకపోతే ఓడెక్కిన 21 రోజుల్లోపు కాగితాలు బ్యాంకులో పడాలి.

ఇక్కడే ఊరి పేర్ల తంటా. సూలూరును ఇంగ్లిషులో రెండు మూడు రకాలుగా రాస్తారు. తిరుప్పూరు సంగతి సరేసరి, ఒక ‘పీ’ ఉంటుందా, రెండా అన్నది బోర్డు బోర్డుకూ మారుతుంది. ఎల్‌సీలో ఒకలా, ఇన్వాయిస్‌లో ఇంకోలా ఉంటే అవతలి బ్యాంకు గుమాస్తా ఎర్ర సిరా తీస్తాడు. అర్థం మారని అచ్చుతప్పును తప్పుగా ఎంచకూడదని బ్యాంకుల పద్ధతులే చెబుతున్నాయి. అయినా ఏది అచ్చుతప్పు, ఏది కాదు అన్న వాదన తేలేలోపు ఓడ రేవు చేరుతుంది, సరకు రేవులో కూర్చుంటుంది, అద్దె మీద పడుతుంది. ఇలాంటి చోట చదివిన పిల్ల ఇంట్లో ఉంటే ఆమె జీతం ఒక్క రోజులో వచ్చేసినట్టే.

కొనేవాడు దివాలా తీస్తే? అందుకు ఈసీజీసీ అనే ప్రభుత్వ బీమా సంస్థ ఉంది. 1957 నుంచి ఇదే పని. మొదలుపెట్టడానికి కావాల్సిన ఎగుమతి దిగుమతి కోడ్ పాన్ నంబరు మీదే ఇస్తారు. దరఖాస్తు రుసుం 500 రూపాయలు. అంటే గేటు తెరిచే ఉంది. లోపలికి పోవడానికి భయం, తెలియకపోవడమే అడ్డు.

ఐదో వాటా

ఈ ఊళ్లో చదువుకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పుకోవాలి. పీలమేడులో పి.ఎస్.గోవిందస్వామి నాయుడుకు నలుగురు కొడుకులు. 1926లో ఆస్తిని ఐదు భాగాలు చేశారు. నాలుగు అన్నదమ్ములకు, ఐదోది ధర్మానికి. ఆ ఐదో వాటాయే పీఎస్‌జీ అండ్ సన్స్ చారిటీస్. దాని కిందే 1947లో ఆర్ట్స్ కళాశాల, 1951లో ఇంజినీరింగు కళాశాల వచ్చాయి. ధర్మాన్ని కడసారి కొడుకుగా లెక్కేసుకున్న ఆ పంపకానికి 2026తో నూరేళ్లు.

ఆ చదువులు బయటకు చూపాయి కూడా. 1962లో జి.కె.దేవరాజులు లక్ష్మీ మెషిన్ వర్క్స్ మొదలుపెట్టినప్పుడు స్విట్జర్లాండ్ రీటర్ కంపెనీ సాంకేతిక సాయం తీసుకున్నారు. నూలు వడికే యంత్రాలు కొనుక్కునే ఊరు వాటిని అమ్మే ఊరైంది. 1960లో పుట్టిన ఎల్జీ కంప్రెసర్ల కంపెనీ 2012లో ఇటలీకి చెందిన రొటేర్‌ను కొనేసింది. 2019లో జపాన్ వాళ్లిచ్చే డెమింగ్ బహుమతి అందుకుంది. ఈ ఊరి ఆర్.కె.షణ్ముఖం చెట్టి సంగతి వేరే. స్వతంత్ర భారత తొలి ఆర్థికమంత్రి. అంతకు ముందే 1932 ఒట్టావా వాణిజ్య సదస్సులో, 1944 బ్రెటన్‌వుడ్స్‌లో భారత ప్రతినిధి. ప్రపంచ బ్యాంకు పురుడు పోసుకున్న గదిలో కోయంబత్తూరు వాడొకడు కూర్చున్నాడన్నమాట.

ఫీజు ఎవరు కడతారు?

ఇక్కడి తెలుగోళ్లంటే మిల్లు యజమానులే అనుకుంటే పొరపాటు. మిల్లు గేటు లోపల నూలు చుట్టినవాళ్లలో, ఊరి వీధులు ఊడ్చినవాళ్లలో, చేలలో కూలికి పోయినవాళ్లలో అరుంధతీయులున్నారు. వాళ్లలో చాలామంది ఇంటి భాషా తెలుగే. ఒకే మాట మాట్లాడే రెండు వాడల మధ్య దూరం మాత్రం కోయంబత్తూరుకు, హైల్‌బ్రాన్‌కు ఉన్నంత. తమిళనాడు ప్రభుత్వం 2009లో షెడ్యూల్డ్ కులాల కోటాలో అరుంధతీయులకు 3 శాతం విడిగా కేటాయించింది. అలాంటి వర్గీకరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న తేల్చింది. దాంతో డిగ్రీ గడప తొక్కిన మొదటి తరం ఇప్పుడు పీజీ వైపు చూస్తోంది.

అక్కడే ఒక మెలిక. ప్రభుత్వ బడుల్లో చదివిన ఆడపిల్లలకు కాలేజీలో నెలకు వెయ్యి రూపాయలిచ్చే ‘పుదుమై పెన్’ పథకాన్ని 2022 సెప్టెంబరు 5న ప్రారంభించారు. మంచిదే. కానీ అది డిగ్రీ వరకే. పీజీకి వచ్చేసరికి ఆ వెయ్యి ఆగుతుంది, ఫీజు పెరుగుతుంది. ఎంఐబీ లాంటి కోర్సులు చాలాచోట్ల స్వయంపోషక విభాగాల్లో ఉంటాయి, అంటే జీతాల నుంచి కరెంటు దాకా విద్యార్థి ఫీజు మీదే నడవాలి. షెడ్డు ఉన్న ఇల్లు ఒక మగ్గం అమ్మి కట్టొచ్చు. మగ్గం లేని ఇంటికి బ్యాంకు అప్పే దిక్కు. చేరే ముందు ఉపకార వేతనం ఏది వస్తుంది, ఎంత వస్తుంది, ఎప్పుడు వస్తుంది అన్న మూడు ప్రశ్నలు కాలేజీ ఆఫీసులో అడిగి, కాగితం మీద రాయించుకోవడం మంచిది.

పట్టా చేతికి రాగానే ఎగుమతిదారు అయిపోతారని ఎవరైనా చెబితే నమ్మొద్దు. మొదటి కొలువు చాలామందికి సరకు పంపే ఏజెంటు దగ్గర కాగితాలు తయారు చేయడమో, తిరుప్పూరు బట్టల కంపెనీలో కొనుగోలుదారుల మెయిళ్లకు జవాబు రాయడమో. జీతం తక్కువ, పని గంటలు ఎక్కువ. అవతలి దేశం తెల్లవారేసరికి ఇక్కడ చీకటి పడుతుంది కదా! రెండు మూడేళ్లు అలా నలిగినవాళ్లకే లోగుట్టు తెలుస్తుంది. ఆ తర్వాత సొంత కోడ్ తీసుకున్నా భయముండదు.

సుంకం దెబ్బ.. కొత్త దారులు

2025 ఆగస్టు 27. తిరుప్పూరు మర్చిపోలేని తేదీ. మన సరకు మీద అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచింది ఆ రోజే. అల్లిక దుస్తుల ఎగుమతులతో ఏటా 40 వేల కోట్ల రూపాయల దాకా చూసిన ఊరది. అమెరికా దానికి పెద్ద గిరాకీ. ఆర్డర్లు ఆగాయి, కొన్నింట్లో కొనేవాళ్లు ధర తగ్గించమన్నారు. తర్వాత కూడా ఆ సుంకం అంకె నిలకడగా లేదు. తిరుప్పూరు తుమ్మితే సూలూరు మగ్గాలకు జలుబు చేయాల్సిందే.

అదే సమయంలో ఇంకోవైపు తలుపులు తెరుచుకున్నాయి. యూఏఈతో ఒప్పందం 2022 మే 1న, ఆస్ట్రేలియాతో 2022 డిసెంబరు 29న అమల్లోకి వచ్చాయి. బ్రిటన్‌తో 2025 జులై 24న సంతకాలయ్యాయి. స్విట్జర్లాండ్, నార్వే ఉన్న నాలుగు దేశాల కూటమితో 2025 అక్టోబరు 1 నుంచి అమలు. ఈ ఒప్పందాల్లో ఒక్కోదానిలో ఒక్కో మెలిక. నూలు ఎక్కడిది, గుడ్డ ఎక్కడ నేశారు, కుట్టింది ఎక్కడ అని చూసి ‘ఇది ఇండియా సరకే’ అని తేలితేనే సుంకం రాయితీ. ఆ నిబంధన చదివి అర్థం చేసుకుని, ధ్రువపత్రం తేగల మనిషి ప్రతి చిన్న కంపెనీకీ ఇప్పుడు కావాలి. వేల పేజీల ఒప్పందాన్ని మగ్గాల యజమాని చదవడు. చదవగల పిల్లలకు అదే కొలువు.

కోయంబత్తూరు రుబ్బురోలుకు, కోవై కోరా కాటన్ చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది. గల్ఫ్‌లో, అమెరికాలో దోసె పిండి రుబ్బుకునే ప్రతి ఇల్లూ రోలుకు గిరాకీయే. ఆ పేరును కాపాడుకుంటూ అమ్మడం కూడా ఈ చదువులో భాగమే.

మన వైపు పిల్లలకు..

చిత్తూరు, తిరుపతి వైపు పిల్లలు దీనికోసం కోయంబత్తూరే పోవాలని లేదు. విదేశీ వాణిజ్య విద్యకు దేశంలో పేరున్న ఐఐఎఫ్‌టీని 1963లో ఢిల్లీలో స్థాపించారు. దాని ప్రాంగణం 2022లో కాకినాడకు వచ్చింది. ఇంటర్ తర్వాత ఐదేళ్ల కోర్సు, చివర్లో అంతర్జాతీయ వ్యాపారంలో ఎంబీఏ. డిగ్రీ అయినవాళ్లు ఢిల్లీ, కోల్‌కతా ప్రాంగణాల్లో రెండేళ్ల ఎంబీఏకు క్యాట్ రాయాలి. పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలోనూ ఈ ఎంబీఏ ఉంది.

పని సంగతికొస్తే.. తోతాపురి మామిడి గుజ్జు డబ్బాల్లో నిండి చెన్నై రేవు మీదుగా దేశాలు దాటేది చిత్తూరు నుంచే. సత్యవేడు దగ్గరి శ్రీసిటీలో జపాన్ కంపెనీలు వరసకట్టి ఉన్నాయి. కృష్ణపట్నం రేవు ఎటూ ఉంది. నగరి మగ్గాలున్నాయి, వాటికి సొంత పేరు మీద ఓడెక్కే కాగితం రాసేవాళ్లే తక్కువ.

సూలూరులో సాయంత్రం పూట తిరుచ్చి రోడ్డు పక్కన నిలబడితే, కంటెయినర్ లారీలు ఒకదాని వెనక ఒకటి ఇరుగూరు వైపు మళ్లుతూ కనిపిస్తాయి. తలుపుల మీద సీలు, పక్కన నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు. మొదటి మూడు అక్షరాలు పెట్టె ఎవరిదో చెబుతాయి, చివరి అంకె మిగతావి సరిగ్గా ఉన్నాయో లేదో చెప్పే తాళం. ఎంఐబీలో నేర్పుతారు ఇది. బస్టాపులో నిలబడ్డ పిల్లల్లో ఎవరైనా ఆ అంకెలను పెదాల మీదే కూడుకుంటూ ఉంటే, వాళ్లు ఏ క్లాసుకు పోయి వస్తున్నారో ఊహించడం కష్టమేం కాదు.